రైతు కంపెనీకి డ్యాష్‌బోర్డు కొన్నాం: ఐదుకు రెండున్నర మార్కులు

ముందే చెప్పేస్తాను. మేం కొన్న సాఫ్ట్‌వేర్ సర్వీసులో రెండు భాగాలు: కాంటా దగ్గర వివరాలు ఫోన్‌లో ఎక్కించే ఫారం, ఆ అంకెలు లక్ష్యం చేరితే పచ్చగా, చేరకపోతే ఎర్రగా చూపించే స్క్రీన్, అంటే డ్యాష్‌బోర్డు. ఫారం నింపే భాగం బాగుంది, దానికి డబ్బు పెట్టొచ్చు. రంగుల స్క్రీన్ కోసం మాత్రం మాలాంటి చిన్న కంపెనీ ఏడాదికి 24,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 28,320 కట్టడం దండగ. ఆ స్క్రీన్ మీద కనిపించేవన్నీ నిధులిచ్చేవాళ్ళు అడిగే అంకెలు. కంపెనీ పెట్టుకున్న రైతు అడిగే అంకె ఒక్కటీ ఉండదు. ఇదే తరహా సర్వీసు కొనాలని చూస్తున్న ఎఫ్‌పీవోల (రైతు ఉత్పత్తిదారుల సంస్థల) వాళ్ళు, మహిళా సమాఖ్యల వాళ్ళు నన్ను అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. అమ్మినవాళ్ళ పేరు రాయను. మేం డెమో చూసిన మిగతా రెండు మూడింటిలోనూ ఇంచుమించు ఇవే లోపాలు ఉన్నాయి, ఒక్కరినే అనడం న్యాయం కాదు.

మాది వనపర్తి దగ్గర పల్లి రైతుల కంపెనీ. అకౌంట్లు చూసేది నేనే, రిపోర్టులు రాసేది నేనే, సీజన్‌లో కాంటా దగ్గర నిలబడేదీ నేనే. కల్వకుర్తి, భీమా ఎత్తిపోతల నీళ్ళు వచ్చాక వరి వైపు మళ్ళినవాళ్ళు ఉన్నా, చెల్క భూముల్లో యాసంగి పల్లి ఇంకా బాగానే వేస్తారు. సంక్రాంతి దాటాక కాయ రావడం మొదలవుతుంది, మార్చి దాకా వస్తుంది. ఏడాది వ్యాపారమంతా ఆ రెండు మూడు నెలల్లోనే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కింద అవసరమవుతుంది.

2020లో కేంద్రం మొదలుపెట్టిన పదివేల ఎఫ్‌పీవోల పథకం చాలామందికి తెలిసే ఉంటుంది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులు ఉండాలి. ఆఫీసు ఖర్చులకు మూడేళ్ళకు కలిపి గరిష్ఠంగా 18 లక్షలు ఇస్తారు. సభ్యుడికి 2,000 చొప్పున, మొత్తం 15 లక్షలు దాటకుండా ఈక్విటీ గ్రాంటు (వాటా ధనానికి జతగా ఇచ్చేది) ఉంటుంది. ఆ మూడేళ్ళు అయిపోయాక జీతాలు, అద్దె, కరెంటు బిల్లు అన్నీ మన వ్యాపారంలోంచే రావాలి. అందుకే మా బోర్డు మొదట్లోనే మూడు లక్ష్యాలు తీర్మానం పుస్తకంలో రాసుకుంది. ఊళ్ళో కొనే సేటు (ప్రైవేటు వ్యాపారి) ఇచ్చేదానికంటే రైతు చేతికి ఎక్కువ రావాలి. కాంటా అయిన వారంలోపు డబ్బు ఖాతాలో పడాలి. గ్రాంటు ఆగినా ఆఫీసు నడవాలి. ఈ మూడింటిలో ఎక్కడున్నామో అంకెల్లో చూసుకోవడానికే ఈ సర్వీసు కొన్నాం.

ట్రైనింగ్‌కి వచ్చిన అబ్బాయి మంచివాడు, ఓపికగా చెప్పాడు. అమెరికాలో 1992లో వచ్చిన బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డ్ అనే పద్ధతి స్లైడ్లు చూపించాడు. డబ్బు ఒక వైపు, కస్టమర్ ఒక వైపు, లోపలి పనులు ఒక వైపు, నేర్చుకోవడం ఒక వైపు, ఇలా నాలుగు గళ్ళు. పద్ధతిలో తప్పేమీ లేదు. కానీ మా దగ్గర కస్టమర్ గడిలో ఎవరిని రాయాలి? విత్తనం, మందు కొనేది రైతే, పల్లి పోసేది రైతే, షేర్ కట్టి యజమాని అయిందీ రైతే. కంపెనీకి లాభం పెరగాలంటే రైతుకిచ్చే ధర తగ్గించినా చాలు, డబ్బు గడి పచ్చబడుతుంది. ఈ మెలిక ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మొదటి బోర్డు మీటింగ్‌లో టీవీకి కలిపి స్క్రీన్ చూపించాను. సభ్యుల సంఖ్య పచ్చ, షేర్ క్యాపిటల్ పచ్చ, శిక్షణలు పచ్చ, టర్నోవర్ పసుపు. అందరికీ ముచ్చటేసింది. మా డైరెక్టర్లలో పెద్దాయన ఒకరు కాసేపు చూసి అడిగారు: "బిడ్డా, రంగులు మంచిగున్నయ్. మా తమ్ముడు సేటుకు పోసిండు, నేను మనకు పోసిన. వాని కన్న నాకు ఎంత ఎక్కువొచ్చింది? అది అందుల ఏడుంది?"

ఎక్కడా లేదు. సపోర్టువాళ్ళను అడిగితే "ధర సూచిక" ఉంది కదా అన్నారు. ఉంది. రెండు రకాలుగా తప్పుగా ఉంది.

మొదటిది, అది మా ధరను మద్దతు ధరతో పోలుస్తుంది. పల్లికి 2024-25లో మద్దతు ధర క్వింటాలుకు 6,783, 2025-26లో 7,263. ఢిల్లీలో ప్రకటించే ఆ అంకె ఏడాదంతా కదలదు, మార్కెట్ రోజూ కదులుతుంది. మార్కెట్ పడిపోయిన రోజు మేం ఎంత కష్టపడి మంచి ధర ఇప్పించినా ఎరుపే, మార్కెట్ ఎగిసిన రోజు మేం ఏమీ చేయకపోయినా పచ్చే. మా పని ఎలా ఉందో తెలియాలంటే అదే రోజు మార్కెట్ యార్డులో పలికిన ధరతో పోల్చాలి. మార్కెట్ ధరలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైటు అగ్‌మార్క్‌నెట్‌లో రోజువారీ కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు ఉచితంగా దొరుకుతాయి. మోడల్ ధర అంటే ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది. గరిష్ఠ ధర చూసి రైతులు ఫోన్ చేసి అడుగుతుంటారు గానీ, అది ఒక్క కుప్పకు పలికినదైనా కావచ్చు. పోల్చడానికి మోడల్ ధరే సరైనది.

రెండోది ఇంకా ఘోరం. అది బిల్లుల ధరలు కూడి బిల్లుల సంఖ్యతో భాగిస్తుంది. ఒక రైతు 2 క్వింటాళ్ళు 7,000కి అమ్మాడు, ఇంకొకరు 20 క్వింటాళ్ళు 6,000కి అమ్మారు అనుకోండి. స్క్రీన్ మీద సగటు 6,500 వస్తుంది. నిజానికి మొత్తం 1,34,000 రూపాయలు, 22 క్వింటాళ్ళు, క్వింటాలుకు 6,091. నాలుగు వందల తేడా! ఏరి, ఎండబెట్టి తెచ్చిన నాలుగు బస్తాల మంచి కాయ మొత్తం అంకెను పైకి లాగేస్తుంది. తూకంతో కలిపి సగటు తీయడం గూగుల్ షీట్స్‌లో సమ్‌ప్రొడక్ట్ అనే ఒక్క ఫార్ములా పని. 28 వేలు తీసుకునే సర్వీసులో అది లేకపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు కోసం చివరికి తక్‌పట్టీలే (అమ్మకం చీటీలే) ముందేసుకున్నాం. లెక్క ఇలా ఉంటుంది, అంకెలు ఉదాహరణకే. మేం 6,400 ఇచ్చాం, సేటు 6,250 ఇచ్చాడు. పైకి చూస్తే 150 ఎక్కువ. కానీ మా దగ్గరికి తేవడానికి రైతుకు ట్రాలీ కిరాయి క్వింటాలుకు 60, హమాలీ 30, అవి పోతే చేతికి 6,310. సేటు చేను దగ్గరికే వస్తాడు, కిరాయి లేదు. కాకపోతే క్వింటాలుకు రెండు కిలోల తరుగు తీస్తాడు, అంటే 125 పోయి 6,125. అసలు తేడా 185. దూరం ఊరి రైతుకు కిరాయి 150 అయితే అతని చేతికి వచ్చేది 6,220, తేడా 95కి పడిపోతుంది. ఆ తొంభై ఐదు రూపాయల కోసం ఒక రోజు పని పోగొట్టుకుని, డబ్బు కోసం వారం ఆగమంటే ఎవరాగుతారు?

ఇలా ఊరి వారీగా విడదీసి చూస్తే విషయం బయటపడింది. దగ్గరి ఊళ్ళవాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తున్నారు. దూరం ఊళ్ళవాళ్ళు ఒకసారి వచ్చి రెండో సీజన్‌కు సేటు దగ్గరికే వెళ్ళిపోయారు. డ్యాష్‌బోర్డులో మాత్రం వాళ్ళందరూ "సభ్యులు"గా పచ్చగా ఉన్నారు, ఎందుకంటే షేర్ కట్టినవాడు వెనక్కి తీసుకునేదాకా సభ్యుడే. సభ్యుల సంఖ్య తగ్గడం చాలా అరుదు, కాబట్టి ఆ గడి ఎప్పటికీ ఎర్రబడదు. పోయినసారి పోసినవాళ్ళలో ఈసారి ఎంతమంది మళ్ళీ పోశారు అన్న లెక్క దానికంటే వంద రెట్లు పనికొస్తుంది. ఆ దూరం వైపు ఊళ్ళో ఒకచోట సీజన్‌లో కాంటా పెట్టాలని ఆ లెక్క చూశాకే బోర్డు తీర్మానం చేసింది. ఈ సర్వీసు కొన్నాక మేం తీసుకున్న నిర్ణయాల్లో నిజంగా అంకెల మీద తీసుకున్నది అదొక్కటే, అదీ స్క్రీన్ చూసి కాదు.

తేమ గురించి కూడా రాయాలి, పల్లి వ్యాపారంలో సగం గొడవలు అక్కడే. పల్లికాయలో తేమ 8 శాతానికి రావాలి. 12 శాతంతో తెచ్చిన వంద కిలోలు ఎండబెట్టి 8కి తెస్తే 95.65 కిలోలే మిగులుతాయి. అంటే పచ్చికాయకు 6,000 పలుకుతుంటే, ఎండిన కాయకు 6,273 దాటితేనే ఎండబెట్టడం రైతుకు గిట్టుబాటు, అదీ కల్లంలో కూలి లెక్క వేయకుండా. "ఎండబెట్టి తెండి, మంచి ధర వస్తుంది" అని మేం శిక్షణల్లో చెబుతుంటే కొందరు ఎందుకు వినరో ఈ లెక్క చేశాక తెలిసింది. వాళ్ళ లెక్క వాళ్ళకుంది. ఇందులో సాఫ్ట్‌వేర్‌ను కొంత మెచ్చుకోవాలి. తేమ గడి ఫారంలో పెట్టించుకున్నాం, మీటరు చూసి అక్కడికక్కడే ఎక్కిస్తున్నాం, అందుకే ఈ లెక్క వేయగలిగాం.

అసలు ఫారం భాగం గురించి మంచిగానే చెప్పాలి. సిగ్నల్ లేని చోట కూడా నింపొచ్చు, నెట్ తగిలినప్పుడు తనే పంపుకుంటుంది. తేదీ, టైము దానంతట అదే పడుతుంది. కాంటా ఫోటో జత చేయొచ్చు. తూకం గడిలో పొరపాటున ఒక సున్నా ఎక్కువ కొడితే ఒప్పుకోదు. ఇంతకుముందు రాత్రి పూట పుస్తకంలోంచి కంప్యూటర్‌కి ఎక్కించేటప్పుడు వచ్చే తప్పులు దాదాపు పోయాయి. మా కాంటా దగ్గర కుర్రవాళ్ళు ఒక పూటలో నేర్చుకున్నారు. ఈ ఒక్క పనికి నేను ఎవరికైనా సిఫార్సు చేస్తాను.

రైతులను గుర్తుపట్టడం దగ్గర మాత్రం కాస్త తలనొప్పి ఉంది. ఇది ఫోన్ నంబరుతో గుర్తుపడుతుంది. మన ఊళ్ళలో ఇంటికంతా ఒకే నంబరు ఇచ్చేవాళ్ళున్నారు, ఏడాదికోసారి సిమ్ మార్చేవాళ్ళున్నారు. తండ్రీకొడుకులు ఒక్కరైపోతారు, ఒకే మనిషి ఇద్దరవుతాడు. పేరుతో వెతుకుదామంటే ఇంగ్లిష్‌లో ఒకే పేరుకు నాలుగు స్పెల్లింగులు. మేం కంపెనీ షేర్ సర్టిఫికెట్ నంబరునే రైతు గుర్తింపుగా పెట్టమని పట్టుబట్టి చేయించుకున్నాం. మీరు కొంటే మొదటి రోజే ఇది అడగండి, తర్వాత సరిచేయడం చాలా కష్టం.

ఇక లక్ష్యాలు పెట్టే పద్ధతి. ఏడాదికి 5,000 క్వింటాళ్ళు అని కొడితే, పన్నెండుతో భాగించి నెలకు 417 అని పెట్టుకుంటుంది. జులైలో పల్లి ఎక్కడిది? జూన్ నుంచి డిసెంబరు దాకా స్క్రీన్ ఎర్రగా మండుతూ ఉంటుంది, ఫిబ్రవరిలో మమ్మల్ని మించినవాళ్ళు లేరన్నట్టు పచ్చబడుతుంది. రెండూ అబద్ధమే. పోయిన ఏడాది ఇదే వారానికి ఎంత వచ్చింది, ఇప్పుడు ఎంత వచ్చింది అని చూస్తే తప్ప సీజన్ వ్యాపారంలో ఏమీ తెలియదు. నెలవారీ లక్ష్యాలు చేత్తో మార్చుకునే వీలుంది గానీ, దానికి పై ప్లాన్ కొనాలట.

ఆ 5,000 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్తాను, ఇది వేరే కంపెనీలకు ఉపయోగపడుతుంది. పల్లి పోసినా పోయకపోయినా ఏడాదికి తప్పని ఖర్చు 6 లక్షలు అనుకోండి. ఖర్చులు పోను క్వింటాలుకు మనకు మిగిలేది 120 అనుకోండి. భాగిస్తే 5,000 క్వింటాళ్ళు. అది దాటితే గ్రాంటు లేకపోయినా ఆఫీసు నడుస్తుంది, దాటకపోతే నడవదు. ఇలా పుట్టిన లక్ష్యానికి అర్థం ఉంటుంది. పోయినేడాది మీద 20 శాతం పెంచుదాం అని గాల్లో పెట్టిన లక్ష్యం చేరినా, చేరకపోయినా మనకు తెలిసేది ఏమీ లేదు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించిన లోపం ఇది. ఏడాది మధ్యలో లక్ష్యం తగ్గిస్తే, వెనకటి నెలల రంగులు కూడా మారిపోతాయి. సగం తూకం అయ్యాక గుండు మార్చి, మొదటి నుంచీ ఇదే గుండు అన్నట్టు. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అనే చిట్టా ఎక్కడా కనిపించదు. మా దగ్గర అలా ఎవరూ చేయలేదు, కానీ చేయగలిగే వీలుండటమే తప్పు. బయటి నుంచి ఆడిటరో, బ్యాంకువాళ్ళో వచ్చి చూస్తే ఏం నమ్మాలి? గూగుల్ షీట్స్‌లో వెర్షన్ హిస్టరీ అని ఉంటుంది, ఏ మార్పు ఏ రోజు ఎవరి లాగిన్ నుంచి జరిగిందో వెనక్కి వెళ్ళి చూడొచ్చు. ఉచితంగా వచ్చేదానిలో ఉన్నది, డబ్బు కట్టినదానిలో లేదు.

డబ్బు చెల్లింపు రోజుల లెక్కకు ఫారంలో అసలు గడే లేదు. ఒక్కో ఎంట్రీకి ఒకే తేదీ. కాంటా తేదీ ఒకటి, ఖాతాలో పడిన తేదీ ఒకటి, రెండూ కావాలి అంటే "టికెట్ రైజ్ చేశాం మేడమ్" అన్నారు. ఆ టికెట్ ఇంకా గాల్లోనే ఉంది. సేటు సాయంత్రానికి నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడతాడు, మేం మా దగ్గర సరుకు కొనే మిల్లునుంచి డబ్బు వచ్చాక వేస్తాం. రైతు మమ్మల్ని తూచేది ఇక్కడే. ఇప్పుడు షీట్స్‌లో రెండు తేదీలూ రాస్తున్నాం. అయితే సగటు రోజులు రాయడం మానేశాం. పదిమందిలో ఎనిమిది మందికి మూడు రోజుల్లో, ఇద్దరికి ఇరవైమూడు రోజులకు పడితే సగటు ఏడు వస్తుంది. వారంలోపే ఇస్తున్నాం అని మురిసిపోవచ్చు. ఆ ఇద్దరు ఊరంతా చెప్పేది మాత్రం ఇరవైమూడు రోజుల కథే. అందుకని వారం దాటినవి ఎన్ని, ఎవరివి, ఏ మిల్లు వల్ల అని పేర్లతో సహా బోర్డు ముందు పెడుతున్నాను.

చిన్న చిన్నవి కొన్ని. రిపోర్టు పీడీఎఫ్ తీస్తే తెలుగు ఒత్తులు విడిపోయి పక్కకు జారతాయి, రైతులకు పంచలేం. డేటాను సీఎస్‌వీగా (ఏ షీట్‌లోనైనా తెరుచుకునే సాదా ఫైలుగా) దించుకోవచ్చు, అది మంచిదే. నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లన్నీ పిచ్చి గీతల్లా వచ్చాయి. గూగుల్ షీట్స్‌లోకి ఎక్కిస్తే సరిగ్గా కనిపిస్తాయి. ఎక్సెలే కావాలంటే డేటా మెనూలోంచి ఫైలును లోపలికి తెచ్చుకుని యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. సపోర్టువాళ్ళు మర్యాదగా మాట్లాడతారు, వాట్సాప్‌లో జవాబిస్తారు, సీజన్ నడుమ ఆదివారం మాత్రం దొరకరు. మార్కెట్‌కు సరుకు ఆదివారం చూసుకుని రాదు కదా.

శిక్షణల గడి గురించి రాయకపోతే లోటు. దానికి సంతకాలే ఆధారం. గడి పచ్చబడాలని మా వాళ్ళు, ఎవరు దగ్గరుంటే వాళ్ళను కూర్చోబెట్టి సంతకాలు పెట్టించడం మొదలైంది. ఒకే ఇరవై మంది అన్ని శిక్షణల్లో కనిపిస్తారు. నేను ఆ గడిని బోర్డు మీటింగ్‌లోంచి తీసేయించాను, పైవాళ్ళకు పంపే రిపోర్టులో మాత్రం ఉంచాను. వాళ్ళకు కావాల్సింది వాళ్ళకివ్వాలి, దాంట్లో తప్పు లేదు. మనకు కావాల్సింది అదే అని నమ్మడం దగ్గరే వస్తుంది తంటా.

ఈ ఏడాది రెన్యూవల్ అప్పుడు బేరమాడి ఫారం వరకే ఉండే చిన్న ప్లాన్‌కు మారాం. మిగతాదంతా షీట్స్‌లో ఒక పివట్ టేబుల్ (ఎంట్రీలను కూడి చూపే పట్టిక), బోర్డుకు ఒక ఏ4 కాగితం. కాగితం మీద నాలుగే వరసలు: అదే రోజు సేటు ధరతో తేడా, వారం దాటిన చెల్లింపులు, మళ్ళీ వచ్చిన రైతులు, 5,000కి ఇంకా ఎన్ని క్వింటాళ్ళు కావాలి. సేటు ధర ఎలా తెలుస్తుందంటారా? ప్రతి వారం సభ్యులు కాని ఇద్దరు ముగ్గురు రైతులను అడిగి, వాళ్ళ చిట్టీ చూసి రాస్తాం. నోటిమాట మీద రాయం, ఎందుకంటే సేటు ధర అడిగితే ప్రతివాడూ వంద కలిపే చెబుతాడు.

మీరు కొనేముందు ఒక పని చేయండి. డెమో రోజున పోయిన సీజన్ బిల్లులు ఒక పది తీసుకెళ్ళి వాళ్ళ ముందే ఎక్కించమనండి. సగటు ధర చేత్తో లెక్కేసి స్క్రీన్‌తో పోల్చండి. లక్ష్యం మార్చి చూపించమనండి, పాత నెలలు మారుతున్నాయేమో చూడండి. ఒప్పందం అయిపోయాక మన డేటా ఎన్నాళ్ళలో, ఏ రూపంలో ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. వందల్లో సిబ్బంది, పది ఆఫీసులు ఉన్న పెద్ద సంస్థలకైతే స్క్రీన్ కూడా పనికి రావచ్చు, వాళ్ళకు అడిగింది మార్చి పెట్టించుకునే డబ్బు, మనుషులు ఉంటారు.

మార్కుల విషయానికొస్తే, ఫారానికి నాలుగు, సపోర్టుకు రెండున్నర, స్క్రీన్‌కు ఒకటి. పైన వేసిన రెండున్నర ఈ మూడింటి సగటు. సగటుల గురించి ఇంత తిట్టాక దాన్ని నమ్మి కొనకండి, ఫారం కావాలంటేనే కొనండి.